ఎలక్షన్ల టైంలో పిల్లలకు పార్టీల గురించి ఎట్లా చెప్తున్నారు?

పరకాల సోషల్ సార్ | 3 ఏప్రిల్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పరకాల వైపు ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి, సమ్మేటివ్ పరీక్షల లోపు తొమ్మిదో తరగతికి రివిజన్ అయిపోవాలి. నిన్న ఎన్నికలు, పార్టీల దగ్గరికి వచ్చాం. జాతీయ పార్టీ, ప్రాంతీయ పార్టీ అని బోర్డు మీద రెండు గళ్లు గీస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, పోయిన నెల ఆ పార్టీ లిస్టుల ఉన్న పేరు ఇప్పుడు ఈ పార్టీల ఎట్లున్నది? మరి ఓటు ఏసేది పేరుకా, గుర్తుకా?"

వరంగల్ వాళ్లకు సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వరంగల్ లోక్‌సభ సీటుకు బీఆర్ఎస్ ముందు ప్రకటించిన కడియం కావ్య పోటీ నుంచి తప్పుకుని కాంగ్రెస్‌లో చేరారు. బీజేపీ నిలబెట్టిన ఆరూరి రమేష్ మొన్నమొన్నటి దాకా బీఆర్ఎస్‌లోనే ఉన్నారు. మూడు జెండాలూ ఒకే ప్రశ్నలో ఉన్నాయి.

క్లాసు రెండుగా చీలి అరుపులు మొదలు. ఒకడి బాపు ఒక పార్టీ గ్రామ కమిటీలో ఉన్నాడు, ఇంకొకడి మేనమామ ఇంకో పార్టీలో. నేను "మంచి ప్రశ్నరా, రేపు మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నా. తప్పించుకుంటున్నానని వాళ్లకు అర్థమైపోయింది. ఇవాళ పొద్దున ఒక తండ్రి బడికొచ్చి "మా పార్టీని జంపింగుల పార్టీ అన్నరట గదా సారు" అన్నాడు. నేను ఆ మాటే అనలేదు, అన్నది ఒక పిల్లాడు. హెడ్మాస్టర్ గారు నన్ను పిలిచి, ఎన్నికల కోడ్ నడుస్తోంది, జూన్ దాకా పార్టీల పేరెత్తకు అన్నారు.

నిజంగా కోడ్‌లో అట్లా ఉందా? మీ బడుల్లో ఏం చేస్తున్నారు?

కాజీపేట హెచ్చెమ్ | 3 ఏప్రిల్, రాత్రి 10:15

మీ హెడ్మాస్టర్‌ను నేను తప్పుపట్టను. ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. నాకు తెలిసిన ఒకాయన పోయిన అసెంబ్లీ ఎలక్షన్లప్పుడు వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పంపించాడు. రెండు రోజుల్లో చేతికి మెమో వచ్చింది. ఆయన సర్వీసు ఇంకా నాలుగేళ్లు ఉంది. టెన్షన్‌తో మనిషి సగమయ్యాడు. క్లాసులో మీరు ఒక మాట అంటారు, ఊళ్లో అది మూడు మాటలై తిరుగుతుంది. మీకు జరిగింది అదే కదా. రెండు నెలలు ఆగితే పాఠం ఎక్కడికీ పోదు.

సుబేదారి లా స్టూడెంట్ | 3 ఏప్రిల్, రాత్రి 11:02

సార్, రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి.

ఎన్నికల నియమావళి పార్టీలకు, అభ్యర్థులకు, అధికారంలో ఉన్న ప్రభుత్వానికి సంబంధించినది. తరగతి గదిలో పార్టీ వ్యవస్థ గురించి పాఠం చెప్పొద్దని అందులో ఎక్కడా లేదు. ప్రభుత్వ ఉద్యోగి పార్టీలో చేరొద్దు, ప్రచారం చేయొద్దు అన్నది సర్వీసు ప్రవర్తనా నియమాల మాట. కోడ్ ఉన్నా లేకపోయినా అది ఏడాది పొడవునా ఉంటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 134ఎ అని ఒక సెక్షన్ ఉంది. ప్రభుత్వ ఉద్యోగి ఒక అభ్యర్థికి ఎలక్షన్ ఏజెంటుగా గానీ, పోలింగ్ ఏజెంటుగా గానీ, కౌంటింగ్ ఏజెంటుగా గానీ పనిచేస్తే మూడు నెలల దాకా జైలు. డ్యూటీ పడ్డవాళ్లయితే ఆ కాలానికి ఎన్నికల సంఘం కింద డిప్యుటేషన్‌లో ఉన్నట్టే లెక్క.

వీడియో పంపినాయన ప్రచారం చేశాడు, అది తప్పు. "జాతీయ పార్టీ హోదా ఎట్లా వస్తుంది" అని చెప్పడం ప్రచారం కాదు.

ఇక ఆ పిల్లాడి ప్రశ్న. ఫిరాయింపు చట్టం, అంటే గెలిచాక పార్టీ మారితే సభ్యత్వం పోయే చట్టం, రాజ్యాంగంలోని పదో షెడ్యూలు. 1985లో 52వ సవరణతో వచ్చింది. అది ఇప్పటికే ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ అయి ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. టికెట్ ప్రకటించినంత మాత్రాన ఎవరూ సభ్యులు కారు. కాబట్టి అభ్యర్థి పార్టీ మారితే ఆ చట్టం వర్తించదు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు ఎవరి పేరు మీద బీ ఫారం (మా అభ్యర్థి ఈయనే అని పార్టీ రాసిచ్చే కాగితం) చేరితే గుర్తు వాళ్లదే. మనకు ఆ రోజు ఏప్రిల్ 25. అప్పటిదాకా లిస్టులో పేరు లిస్టులో పేరే.

పరకాల సోషల్ సార్ | 4 ఏప్రిల్, ఉదయం 6:20

బీ ఫారం! ఈ ఒక్క మాటతో క్లాసు సగం ఒడ్డున పడుతుంది. మా ఊళ్లో ఆరో తరగతి పిల్లాడికి కూడా "బీ ఫారం ఎవరికి ఇచ్చిన్రు" అన్న మాట తెలుసు. అదేమిటో మాత్రం తెలియదు. నేను కూడా ఇన్నేళ్లలో అది బోర్డు మీద రాయలేదు.

రిటైర్డ్ పొలిటికల్ సైన్స్, హన్మకొండ | 4 ఏప్రిల్, ఉదయం 8:45

హెచ్చెమ్ గారి భయం నాకు తెలుసు, నేనూ ముప్పై ఏళ్లు భయపడ్డవాణ్నే. కానీ "జూన్ దాకా పేరెత్తకు" అన్న మాట నిలబడదు. మీ బడిలోనే పదో తరగతి పుస్తకం తీయండి. 1977 నుంచి 2000 దాకా రాజకీయ ధోరణుల పాఠంలో జనతా పార్టీ ఉంది, తెలుగుదేశం ఉంది, బీజేపీ ఉంది. తెలంగాణ ఉద్యమం పాఠంలో టీఆర్ఎస్ ఉంది. కాంగ్రెస్ లేని పేజీ వెతుక్కోవాలి. పేరెత్తకుండా ఎట్లా చెప్తారు, "ఒకానొక పార్టీ" అనా?

నా పద్ధతి చెప్తాను. పిల్లలు నేటి అభ్యర్థుల గురించి గొడవ పడుతుంటే వాళ్లను వెనక్కి తీసుకుపోయేవాణ్ని. దూరం కాదు, ఇక్కడికే. వరంగల్ గడ్డ మీద మూడు ఎన్నికలు చాలు, పార్టీ అంటే ఏమిటో మొత్తం చెప్పొచ్చు.

మొదటిది 1952. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం. వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అది అందరికీ తెలిసిన కథ. మన వరంగల్ పార్లమెంటు సీటు కూడా పీడీఎఫ్‌దే, గెలిచింది పెండ్యాల రాఘవరావు. ఓడిపోయింది ఎవరో పిల్లల్ని అడగండి, ఒక్కరూ చెప్పలేరు. కాళోజీ! ప్రతి సెప్టెంబర్ 9న బడిలో పూలదండ వేసే ఫొటో. అంత పెద్ద మనిషి ఓడిపోయాడా అని నోళ్లు తెరుస్తారు. అక్కడ మీ పిల్లాడి ప్రశ్న మళ్లీ వస్తుంది: ఓటు పేరుకా, గుర్తుకా? అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రాని జనం కోసం తెచ్చిన గుర్తులు ఇప్పుడు చదువుకున్నవాళ్లకూ తప్పడం లేదు.

రెండోది 1971. అంతకు రెండేళ్ల ముందు పుట్టిన తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది. అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఫిరాయింపు చట్టం అప్పటికి లేదు. ఓటేసిన జనం ఏమనుకుని ఉంటారో రాయమని ఒకసారి ఇంటర్ పిల్లలకు ఇచ్చాను. ఒక అమ్మాయి "పెళ్లికి పిలిచి పెళ్లికూతుర్నే మార్చినట్టు" అని రాసింది. ఇంకొకడు "పార్టీ పోయినా పని నడిస్తే చాలు" అన్నాడు. ఇద్దరికీ సమానంగా మార్కులు వేశాను.

మూడోది 1984, దీని మీద ఒక పీరియడ్ పూర్తిగా పెట్టొచ్చు. ఇందిరాగాంధీ హత్య తర్వాత ఎన్నిక. కాంగ్రెస్‌కు దేశం మొత్తం మీద 400 పైగా సీట్లు. బీజేపీకి రెండే రెండు. ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మన హన్మకొండ. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది ఎవరు? పీవీ నరసింహారావు. 1977లో, 1980లో ఇదే సీటు నుంచి గెలిచిన మనిషి, అప్పుడు కేంద్ర హోంమంత్రి. లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన మన జిల్లా బిడ్డ. ఆయన ఆ ఏడాది మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడ్డాడు, అక్కడ గెలిచాడు. ఏడేళ్లకు ప్రధానమంత్రి అయ్యాడు. ఇంకో తమాషా. ఆ లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం, 30 సీట్లు. ఒక ప్రాంతీయ పార్టీ దేశానికి ప్రధాన ప్రతిపక్షం.

ఇందులో ఏ పార్టీవాడికి కోపం వస్తుంది చెప్పండి? అందరూ గెలిచారు, అందరూ ఓడారు. హన్మకొండ పార్లమెంటు సీటు 2009 నాటికి పునర్విభజనలో పోయింది కాబట్టి ఈ కథ చెప్పేవాళ్లూ తగ్గిపోయారు.

నర్సంపేట టీచరమ్మ | 4 ఏప్రిల్, మధ్యాహ్నం 2:30

సార్ చెప్పింది చదువుతుంటే నాకే క్లాసులో కూర్చోవాలనిపించింది. ఇప్పుడు నా అనుభవం, కొంచెం అల్లరైంది.

మా ఎనిమిదో తరగతిలో "మీరే పార్టీ పెట్టండి" అన్నాను. అసలు పార్టీల పేర్లు, రంగులు, గుర్తులు వాడొద్దని ఒకటే నియమం. కొత్త పార్టీ నమోదుకు కనీసం వందమంది ఓటర్లు సభ్యులుగా ఉండాలి కదా, దాన్ని మేము పదిమందికి కుదించాం. ఒక నియమావళి రాయాలి, రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామని రాయాలి, ఖజానాకు ఒకరు బాధ్యులు. మూడు పార్టీలు వచ్చాయి. నీళ్ల పార్టీ, వాళ్ల గుర్తు బోరింగు. ఆటల పార్టీ, గుర్తు కబడ్డీ గీత. మూడోది గుడ్డు పార్టీ, మధ్యాహ్న భోజనంలో గుడ్డు తప్పకుండా ఉండాలని.

మొదటి రోజు అద్భుతం. రెండో రోజు ఆటల పార్టీ వాళ్లు చాక్లెట్లు పంచారు. నేను పట్టుకుంటే "టీచర్, అందరూ పంచుతారు కదా" అన్నారు, ముఖంలో ఏ తప్పూ లేకుండా. గుడ్డు పార్టీ రోజుకు రెండు గుడ్లు అని మేనిఫెస్టో మార్చింది. డబ్బులెక్కడివి అంటే "ప్రభుత్వం ఇస్తది". చివరికి ఓట్లు లెక్కపెడితే ఏం తేలింది? ఎవరి వాడ వాళ్లు ఆ వాడ పిల్లాడికే వేశారు. నీళ్ల పార్టీ మేనిఫెస్టో అన్నిటికంటే బాగుంది, దానికి నాలుగు ఓట్లు.

నేను ఇంటికి పోయి ఏడ్చినంత పని చేశాను. ప్రజాస్వామ్యం నేర్పిద్దామనుకుంటే వాళ్లు మనల్ని అచ్చు గుద్దినట్టు చూపించారు.

కాజీపేట హెచ్చెమ్ | 4 ఏప్రిల్, మధ్యాహ్నం 3:10

టీచరమ్మ గారూ, అదే నేను చెప్పేది. పిల్లల ఆట అనుకుంటాం, ఊరి కక్షలు లోపలికొస్తాయి.

నర్సంపేట టీచరమ్మ | 4 ఏప్రిల్, మధ్యాహ్నం 3:25

వచ్చేవి ఎట్లాగూ వస్తాయి సార్. నేను చూడకముందు కూడా అక్కడే ఉన్నాయి.

నేను చెప్పని భాగం ఇంకోటి ఉంది. మర్నాడు చాక్లెట్లు తీసుకున్నవాళ్లను చేతులెత్తమన్నాను. ఇరవై రెండు చేతులు. ఆటల పార్టీకి పడ్డ ఓట్లు తొమ్మిది. "మరి మిగతా పదమూడు చాక్లెట్లు?" అంటే క్లాసంతా ఒకటే నవ్వు. తీసుకుని వేరేవాళ్లకు వేశారట. పంచినవాడి ముఖం చూడాలి మీరు.

ఇద్దరు బిడ్డల తండ్రి, వర్ధన్నపేట | 5 ఏప్రిల్, రాత్రి 8:05

నేను టీచర్ను కాదు, రైతును. మిర్చి అమ్మడానికి ఏనుమాముల పోయి వచ్చి ఇది చదివిన. ఒక మాట అడుగుత, కోపం చేయకున్రి.

మా చిన్న బిడ్డ తొమ్మిది చదువుతది. పోయిన అసెంబ్లీ ఎలక్షన్లప్పుడు బడి నుంచి వచ్చి "నాన్నా, మనం ఓటుకు పైసలు తీసుకున్నమా?" అని అడిగింది. ఇంట్ల మా అమ్మ, తమ్ముడు అందరూ ఉన్నరు. మా అమ్మ దిక్కు చూసి నేను ఏం చెప్పాలె? టీచర్ తప్పు చెప్పిందని అంటలేను. కానీ క్లాసుల మీరు ఒక మాట చెప్పి గంట కొట్టంగనే ఇంటికి పోతరు. ఆ మాట మా ఇంట్లకొస్తది. రెండు రోజులు బిడ్డ నాతోని సరిగ్గ మాట్లాడలే. పేదోడి ఇంటికి పైసలు తెచ్చిన లీడర్ను అడగమని నేర్పుతరా, తీసుకున్న తండ్రినే అడగమని నేర్పుతరా?

పరకాల సోషల్ సార్ | 5 ఏప్రిల్, రాత్రి 8:50

అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేనూ ఆ పాఠం చెప్పాను, బోర్డు మీద "ఓటు అమ్ముకోవద్దు" అనే రాశాను. కొనేవాడి గురించి ఒక్క లైను రాయలేదు. రేపు రాస్తాను. లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 95 లక్షలు. పార్టీ సొంతంగా పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. పిల్లలు లెక్కలు వేయాల్సింది అక్కడ.

సుబేదారి లా స్టూడెంట్ | 5 ఏప్రిల్, రాత్రి 9:15

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఎన్నికల బాండ్ల గురించి కూడా పిల్లలు అడుగుతారు, టీవీలో రోజూ అదే కదా. సూటిగా చెప్పొచ్చు. బ్యాంకులో బాండు కొని పార్టీకి విరాళంగా ఇచ్చే పథకం 2018లో వచ్చింది, ఎవరు ఏ పార్టీకి ఇచ్చారో ఓటరుకు తెలియదు. ఈ ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని చెప్పింది. మార్చిలో ఎన్నికల సంఘం వివరాలు బయటపెట్టింది. ఏ పార్టీకి ఎంత అన్న జాబితాలో పెద్ద పార్టీలు చాలావరకు ఉన్నాయి, మన ప్రాంతీయ పార్టీలతో సహా. ఒక్క పార్టీ పేరు చెప్పి ఆపితే ప్రచారం, జాబితా మొత్తం చదివిస్తే పాఠం.

ఆర్మూర్ లెక్కల సార్ | 6 ఏప్రిల్, ఉదయం 7:00

సోషల్ వాళ్ల చర్చలో లెక్కల వాడు దూరుతున్నాడని తిట్టకండి.

మా నిజామాబాద్‌లో 2019లో 185 మంది నిలబడ్డారు. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. మద్దతు ధర, పసుపు బోర్డు కోసం నిరసన. ఏ పార్టీ టికెట్టూ లేదు, ఒక్కొక్కరు డిపాజిట్ కట్టి నామినేషన్ వేశారు. మా క్లాసులో ముగ్గురు పిల్లల ఇళ్ల నుంచి పెద్దవాళ్లు పోటీలో ఉన్నారు, అంటే మాకు అభ్యర్థులు టీవీలో కాదు, పేరెంట్స్ మీటింగులో కనబడేవాళ్లు.

లెక్క ఇది. ఒక బ్యాలెట్ యూనిట్‌లో, అంటే ఓటింగ్ యంత్రంలో మనం బటన్ నొక్కే పెట్టెలో, 16 పేర్లు పడతాయి, నోటాకు కూడా ఒక చోటు కావాలి. 185 మందికి ఎన్ని యూనిట్లు? ఆరో తరగతి పిల్లాడు చేస్తాడు: 186ను 16తో భాగిస్తే 11 పోయి 10 మిగులు, కాబట్టి 12. ప్రతి పోలింగ్ స్టేషన్‌లో పన్నెండు పెట్టెలు వరసగా పెట్టారు. ఓటరు తన గుర్తు వెతుక్కోవడానికి గోడ పొడవునా నడవాలి. డిపాజిట్ జనరల్‌కు 25 వేలు, ఎస్సీ ఎస్టీలకు సగం, చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే పోతుంది. ఇదీ ఒక లెక్కే.

జాతీయ పార్టీ హోదా కూడా లెక్కల క్లాసులోనే బాగా వస్తుంది. మూడు దారులు. నాలుగు రాష్ట్రాల్లో 6 శాతం చొప్పున ఓట్లు, దాంతో పాటు 4 లోక్‌సభ సీట్లు. లేదా లోక్‌సభలో 2 శాతం సీట్లు, అవి కనీసం మూడు రాష్ట్రాల నుంచి. లేదా నాలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర పార్టీ గుర్తింపు. 543లో 2 శాతం 10.86, మరి 10 చాలా 11 కావాలా అని అడిగితే క్లాసు అరగంట నడుస్తుంది. (11.) పోయిన ఏడాది ఏప్రిల్‌లో సీపీఐ, ఎన్సీపీ, తృణమూల్ ఆ హోదా పోగొట్టుకున్నాయి, ఆమ్ ఆద్మీకి వచ్చింది. ఇప్పుడు మొత్తం ఆరు. వరంగల్ పిల్లలు ఊరూరా ఎర్రజెండా గద్దె చూస్తారు కదా, సీపీఐ హోదా పోయిందంటే నమ్మరు. జెండా గద్దె వేరు, శాతం వేరు.

భూపాలపల్లి పాత విద్యార్థి | 6 ఏప్రిల్, రాత్రి 10:40

మీరంతా అదృష్టవంతులు. నేను 90ల్లో హైస్కూల్ చదివాను. మా ఊరి గోడల మీద ఎన్నికలు బహిష్కరించండి అని ఎర్రరంగు రాతలు. పొద్దున పోలీసులు వచ్చి తుడిపించేవాళ్లు, రాత్రి మళ్లీ రాసి ఉండేది. ఓటేస్తే ఒకరికి కోపం, వేయకపోతే ఇంకొకరికి. ఆ రోజుల్లో మా సోషల్ సార్ పార్టీల పాఠం వచ్చినప్పుడు పుస్తకం తెరిచి "చదువుకోండి" అని కిటికీ దగ్గర నిలబడేవాడు. మేము పిరికివాడు అనుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు ఉండేవాళ్లు.

ఒకటి మాత్రం నిజం, తటస్థం అనేది ఉత్త మాట. టీచర్ ఏ పార్టీవాడో పిల్లలకు వారం రోజుల్లో తెలుస్తుంది. దాచడం కంటే "నాకూ ఒక అభిప్రాయం ఉంది, అది మీకు చెప్పను, పరీక్షలో రాదు" అనడం మేలు.

నర్సంపేట టీచరమ్మ | 6 ఏప్రిల్, రాత్రి 11:05

నేను ఒప్పుకోను. అభిప్రాయం ఉందని చెప్పిన క్షణం నుంచి వాళ్లు పాఠం వదిలేసి అదేమిటో కనిపెట్టే పనిలో పడతారు. నా చీర రంగు చూసి పార్టీ చెప్పే పిల్లలు ఉన్నారు. ఈ రెండు నెలలు గులాబీ, కాషాయం కట్టడం మానేశాను, ఆకుపచ్చ కట్టినా ప్రమాదమే. తెల్లచీర కడితే "టీచర్, ఎవరైనా పోయారా" అని అడిగారు.

నిర్వాహకులు | 7 ఏప్రిల్, ఉదయం 9:00

ఈ చర్చలో నుంచి నాలుగు పోస్టులు తీసేశాం. మూడు వేర్వేరు పార్టీల అభ్యర్థుల మీద తిట్లు, ఒకటి యూట్యూబ్ లింకు. ఎవరికి ఓటేయాలో రాయడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

పరకాల సోషల్ సార్ | 12 ఏప్రిల్, రాత్రి 9:30

హెడ్మాస్టర్ గారితో కూర్చుని మాట్లాడాను. ఆయన పదో తరగతి పుస్తకం చూసి నవ్వారు. ఒప్పందం ఏమిటంటే, పాత ఎన్నికల గురించి పేర్లతో చెప్పొచ్చు, ఈ ఎన్నిక గురించి నియమాలు మాత్రమే. పాఠం ఏమిటో ఒక కాగితం మీద రాసి ఆఫీసులో పెట్టాలి, ఎవరైనా అడగడానికి వస్తే చూపించొచ్చు. ఆ కాగితం సంగతి నాకు మొదట అవమానం అనిపించింది. తర్వాత అనిపించలేదు.

1984 కథ చెప్పాను. పీవీ పేరు రాగానే ఇద్దరు పిల్లలు "మా తాత చూసిండట" అన్నారు. ఇంట్లో అడిగి రమ్మన్నాను. మర్నాడు తొమ్మిది మంది తాతల, నానమ్మల కథలు పట్టుకొచ్చారు. ఒక నానమ్మ చెప్పిందట, అప్పట్లో కాడెద్దులకు వేశాను, తర్వాత ఆవు దూడకు వేశాను, తర్వాత చేతికి వేశాను, మూడూ ఒకటే పార్టీ అని నాకు చాలా ఏళ్ల దాకా తెలియదు అని. క్లాసు పడిపడి నవ్వింది. ఆ నానమ్మ పేరుకు వేసిందా, గుర్తుకు వేసిందా అని అడిగిన పిల్లాడినే అడిగాను. వాడు తల గోక్కుని "అలవాటుకు" అన్నాడు.

ఇంకో సంగతి. శనివారం ముగ్గురు పిల్లలు బడికి రాలేదు. బైకు ర్యాలీకి పోయారని తెలిసింది. బిరియాని, పెట్రోలు.

సుబేదారి లా స్టూడెంట్ | 12 ఏప్రిల్, రాత్రి 9:55

దానికి మాత్రం సూటిగా ఆధారం ఉంది సార్. ఈ ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం ఆదేశం ఇచ్చింది, పిల్లల్ని ఏ రూపంలోనూ ప్రచారానికి వాడొద్దని. కరపత్రాలు, నినాదాలు, ర్యాలీలు అన్నీ. అమ్మానాన్నల పక్కన ఊరికే నిలబడి ఉన్న పిల్లాడికి మినహాయింపు ఉంది. ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో ఫొటో పెడితే వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలి.

ఇద్దరు బిడ్డల తండ్రి, వర్ధన్నపేట | 12 ఏప్రిల్, రాత్రి 10:20

ఫొటో పెడితే ముందు ఆ పోరగాళ్ల ముఖాలు ఊరంతా తిరుగుతయి. సారు, మీరు వాళ్ల ఇండ్లకు పోయి చెప్పున్రి. యాప్ తర్వాత.

పరకాల సోషల్ సార్ | 15 ఏప్రిల్, రాత్రి 8:10

పోయాను. రెండు ఇళ్లలో టీ ఇచ్చారు, మూడో ఇంట్లో తలుపు దగ్గరే మాట్లాడి పంపారు. ముగ్గురూ ఇవాళ పరీక్షకు వచ్చారు.

కాజీపేట హెచ్చెమ్ | 14 మే, సాయంత్రం 6:00

నిన్న డ్యూటీ, ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా. పొద్దున 5:30కి మాక్ పోల్, కనీసం యాభై ఓట్లు. ఏజెంట్లు ముందు కూర్చుని ఒక్కో గుర్తు ఎన్నిసార్లు నొక్కామో రాసుకున్నారు, ఓటు ఏ గుర్తుకు పడిందో చూపే వీవీప్యాట్ చీటీలు పోల్చుకున్నారు, ఆ తర్వాత అన్నీ చెరిపేసి సీలు వేశాం. సాయంత్రం 17సి ఫారం (పోలైన ఓట్ల లెక్క) నకలు ఏజెంట్లకు ఇచ్చి సంతకాలు తీసుకున్నా. నాలుగు పార్టీల వాళ్లు, నాలుగు కాగితాలు, అంకె ఒకటే.

ఈ చర్చ గుర్తొచ్చింది. ఇన్ని ఎన్నికలు చేశాను, ఇది ఒక్కసారీ పిల్లలకు చెప్పలేదు. గోప్యం కాదు, కోడ్ కాదు, ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. బడి తెరిచాక పాత అట్టపెట్టెతో మాక్ పోల్ చేయిస్తాను. గుర్తులు మాత్రం పండ్లు, కూరగాయలు. (ఉల్లిగడ్డ వద్దు, ధర పెరిగితే అదీ రాజకీయమే.)

పరకాల సోషల్ సార్ | 15 జూన్, రాత్రి 9:00

బడి తెరిచి నాలుగు రోజులు. అదే పిల్లలు ఇప్పుడు పదో తరగతి. ఫలితాలు ఎవరూ చెప్పమనకముందే చార్టు చేసుకొచ్చారు: 17 సీట్లలో కాంగ్రెస్ 8, బీజేపీ 8, మజ్లిస్ 1. వరంగల్‌కు ఆ కింద వేరే గీత. వెనక బెంచీ వాడు మళ్లీ లేచాడు. "సార్, బీఆర్ఎస్‌కు దాదాపు 17 శాతం ఓట్లు వచ్చినయట. అంటే ఆరుగురిల ఒకరు. మరి 17 సీట్లల ఒక్కటన్న రావాలె గదా?"

ఒక పార్టీ పిల్లలు నవ్వబోయారు. నేను 1984 తీశాను. ఆ ఏడాది దేశంలో బీజేపీకి ఏడున్నర శాతం పైగా ఓట్లు వచ్చాయి, సీట్లు రెండు, తెలుగుదేశానికి దేశం మొత్తం మీద అంతకంటే తక్కువ ఓట్లు, సీట్లు ముప్పై. నవ్వేవాళ్లు ఆగారు, అంతకుముందు మూతి ముడుచుకున్నవాళ్లు నవ్వారు. ఓట్లు ఒకచోట కుప్పగా ఉంటే సీట్లు, ఊరూరా చల్లినట్టు ఉంటే సున్నా అని బోర్డు మీద గీస్తుండగానే గంట కొట్టారు. సగమే అర్థమైనట్టుంది.

ఆర్మూర్ లెక్కల సార్ | 15 జూన్, రాత్రి 9:20

బోర్డు వద్దు, గింజలతో చేయండి. పదిహేడు గిన్నెలు, మూడు రకాల గింజలు. శనగలు, పెసర్లు, కందులు. కందులు మొత్తంలో ఆరో వంతు. అన్ని గిన్నెల్లో సమానంగా వేస్తే కందులు ఎక్కడా గెలవవు. అవే కందులు నాలుగు గిన్నెల్లో కుమ్మరిస్తే నాలుగు సీట్లు. పిల్లలే గిన్నెలు మార్చి చూడాలి. మధ్యాహ్న భోజనం వాళ్లను అడిగితే గిన్నెలు ఇస్తారు, పప్పు తిరిగి ఇచ్చేయాలి.

ఇద్దరు బిడ్డల తండ్రి, వర్ధన్నపేట | 15 జూన్, రాత్రి 9:45

మా బిడ్డ కూడ పదికి వచ్చింది. గింజల లెక్క ఎన్ని గింజలు, ఏ గిన్నెల ఎన్ని అని మొత్తం రాసి పెట్టున్రి సారు. ఇంట్ల కందులున్నయి, పెసర్లున్నయి. మా అమ్మ కూడ కూర్చుంటనంటున్నది.